పంచదార ఎందుకు ఎర్రబడలేదు?

ర్యాక్‌లో నాలుగు టెస్ట్‌ట్యూబులు. ఒకదాంట్లో గ్లూకోజు నీళ్ళు, ఇంకోదాంట్లో బెల్లం నీళ్ళు, మూడోదాంట్లో పంచదార నీళ్ళు, చివరిదాంట్లో పొద్దున్నే ఇంటి దగ్గర వార్చి సీసాలో పోసి తెచ్చిన గంజి. నాలుగింటిలోనూ సమానంగా బెనెడిక్ట్ ద్రావణం పోశాం. రాగి బిందె కడిగిన చింతపండు నీళ్ళని తలపించే ఆకుపచ్చ కాదు, తేటగా, నీలం సిరాలాంటి నీలం. నాలుగు ట్యూబులనూ మరుగుతున్న నీళ్ళ బీకరులో నిలబెట్టాం.

గ్లూకోజు ట్యూబు ముందుగా తేలిపోయింది. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు. బెల్లం ట్యూబు కొంచెం ఆలస్యంగా అదే దారి పట్టింది. గంజి నీలంగానే ఉంది. పంచదార కూడా నీలంగానే ఉంది. అయిదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. నీలమే.

"ఇదేటండీ మేస్టారూ, పంచదారలో చక్కెర లేదా?" అంది బెంచి చివరనున్న అమ్మాయి.

విజయనగరం జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి ప్రాక్టికల్స్ చేయించాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ మాట అడిగేవారు. అడగని ఏడాది నాకు దిగులుగా ఉండేది, ట్యూబులో కనబడింది కాకుండా గైడులో ఉన్నది రికార్డులో రాసేస్తున్నారేమోనని. నాకు తెలిసినంతలో జీవశాస్త్రం ల్యాబులో ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. దానికి నేను వెంటనే జవాబు చెప్పేవాణ్ణి కాదు. వచ్చే క్లాసుకి అనేవాణ్ణి. ఇక్కడా కాస్త ఆగి చెబుతాను.

ముందు ఆ నీలం సంగతి. అది మైలుతుత్తం నీలం, అంటే కాపర్ సల్ఫేటు. దాన్ని సోడియం కార్బొనేటుతో క్షారంగా చేస్తే రాగి అడుగున ముద్దలా పేరుకుపోతుంది. అలా పేరుకోకుండా రాగిని నీళ్ళలోనే పట్టి ఉంచడానికి సోడియం సిట్రేటు కలుపుతారు. లీటరుకి 17.3 గ్రాముల కాపర్ సల్ఫేటు, 173 గ్రాముల సిట్రేటు, 100 గ్రాముల కార్బొనేటు. అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు స్టాన్లీ బెనెడిక్ట్ 1909లో ప్రచురించిన ఈ పాళ్ళు ఇవాళ్టికీ ల్యాబు అల్మరా తలుపు లోపల అతికించి ఉంటాయి. రాగితో చక్కెరను పట్టుకోవచ్చని ఆయనకు ముందే జర్మనీలో ట్రోమర్ 1841లో చూపించాడు, ఫెలింగ్ 1840ల చివర్లో దాన్ని కొలతగా మార్చాడు. ఫెలింగ్ ద్రావణాన్ని రెండు సీసాల్లో విడివిడిగా దాచి, వాడే ముందు కలుపుకోవాలి. బెనెడిక్ట్‌ది ఒకే సీసా, నెలల తరబడి చెడదు. పల్లెటూరి ఆసుపత్రి ల్యాబుల దాకా అది చేరడానికి కారణం అదే.

గ్లూకోజు అణువు మామూలుగా ఉంగరంలా ముడుచుకుని ఉంటుంది. నీళ్ళలో ఉన్నప్పుడు ఏ క్షణంలోనైనా కొన్ని ఉంగరాలు విచ్చుకుని, తీగలా సాగి, మళ్ళీ ముడుచుకుంటాయి. సాగినప్పుడు తీగ ఒక కొసన ఆల్డిహైడ్ అనే భాగం బయటపడుతుంది. వేడి క్షారంలో అది రాగికి ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది. ఎలక్ట్రాన్ అందుకున్న రాగి నీళ్ళలో నిలవలేక, ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడు పొడిగా అడుక్కి దిగుతుంది. కొంచెమే దిగితే మిగిలిన నీలంతో కలిసి ఆకుపచ్చగా కనిపిస్తుంది. నీలమంతా ఖర్చయ్యేంత చక్కెర ఉంటే ఇటుక రంగు. అంటే ఆ ట్యూబు 'ఇందులో తీపి ఉందా?' అని అడగడం లేదు. 'రాగికి ఎలక్ట్రాన్ ఇచ్చే కొస ఏదైనా తెరిచి ఉందా?' అని మాత్రమే అడుగుతోంది. ఆ ఒక్క ప్రశ్నకే అది జవాబు చెబుతుంది.

పంచదార తియ్యదనంలో గ్లూకోజుని మించినది. కానీ రాగికి ఇవ్వడానికి దాని దగ్గర తెరిచిన కొస లేదు. బెల్లం దగ్గర ఉంది. రెండూ ఒకే చెరకు రసం నుంచి వచ్చాయి కదా, మరి ఈ తేడా ఎక్కడిది?

చెరకు గడలో ఉన్నది చాలావరకు సుక్రోజు, అంటే మన పంచదారే. గడ నరికిన క్షణం నుంచి అది విరగడం మొదలవుతుంది. గడలో ఉన్న ఎంజైములు కొంత, కోసిన చోట చేరిన సూక్ష్మజీవులు కొంత, రసంలో సహజంగా ఉన్న పులుపు కొంత, అన్నీ కలిసి సుక్రోజుని గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొడతాయి. గానుగ దగ్గర బట్టీ మీద పెనంలో రసం కాగుతున్నప్పుడు వేడి ఆ పనిని తొందర చేస్తుంది. అందుకే బెల్లం వండేవాళ్ళు రసంలో సున్నపు తేట పోస్తారు. పులుపు విరుగుతుంది, సుక్రోజు విరగడం తగ్గుతుంది. ఎప్పుడు పొయ్యాలో, ఎంత పొయ్యాలో వాళ్ళకి చేతి అలవాటు. సున్నం తక్కువైతే బెల్లం మెత్తబడి దిమ్మ కట్టదు, ఎక్కువైతే రంగు నల్లబడుతుంది. ఎంత జాగ్రత్తగా వండినా బెల్లంలో పది శాతం అటూ ఇటూగా విడిపోయిన చక్కెరలు మిగులుతాయి. మా ట్యూబులో రాగిని ఎర్రబరిచింది అవే. వానాకాలం అటక మీద బెల్లం చెమ్మగిల్లి కారడానికి కారణమూ అవే, గాలిలో తేమని సుక్రోజు కన్నా ఫ్రక్టోజు గట్టిగా లాగుతుంది.

ఇది ల్యాబు ముచ్చట కాదు, రైతు డబ్బు. ఆమదాలవలసలో, భీమసింగిలో సహకార చక్కెర ఫ్యాక్టరీలు నడిచిన రోజుల్లో చెరకు బళ్ళు, ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరడం చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. అవి ఇప్పుడు మూతపడ్డాయి. బారులో నిలబడిన ప్రతి పూటా గడలో సుక్రోజు తరిగి, విడిచక్కెరలు పెరుగుతాయి. ఆ విడిచక్కెర స్ఫటికం కట్టదు, మొలాసిస్‌లోకి పోతుంది. అందుకే ప్రతి చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులోనూ రెండు పనులు ఆగకుండా జరుగుతుంటాయి. ఒకటి ఫెలింగ్ ద్రావణాన్ని మరిగిస్తూ బ్యూరెట్ లోంచి రసాన్ని చుక్కలు చుక్కలుగా వదిలి విడిచక్కెర ఎంతుందో లెక్కకట్టడం. లేన్, ఎనాన్ అనే ఇద్దరు 1923లో కుదిర్చిన పద్ధతి ఇది. నీలంగా ఉన్న మిథిలీన్ బ్లూ చుక్క రంగు పోయిందంటే రాగి అయిపోయిందని గుర్తు.

రెండోది పోలారిమీటరు. ఒకే తలంలో కంపించే వెలుగుని సుక్రోజు నీళ్ళలోంచి పంపితే అది కుడివైపు తిరుగుతుంది. సుక్రోజు విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజు అయితే, ఫ్రక్టోజు ఎడమవైపు లాగే బలం ఎక్కువ కాబట్టి, మొత్తం ఎడమవైపుకి తిరుగుతుంది. వెలుగు తిరిగే దిక్కు తారుమారవడాన్ని బట్టే ఈ విరుగుడుకి ఇంగ్లీషులో 'ఇన్వర్షన్' అనే పేరు వచ్చింది. పక్కనే అనకాపల్లిలో 1913 నుంచి చెరకు పరిశోధనా స్థానం ఉంది. ఏ రకం గడ ఎన్ని నెలలకి పక్వానికి వస్తుందన్నది అక్కడ తేల్చేది ఈ కొలతలతోనే.

ఇక గంజి. గంజిని రాగి గుర్తుపట్టలేదు, ఎందుకంటే వేలకొద్దీ గ్లూకోజులు గొలుసుగా కట్టుకుంటే తెరిచిన కొస గొలుసు మొత్తానికి ఒక్కటే మిగులుతుంది. గంజికి అయోడిన్ కావాలి. మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ చాలు, పుండు మీద రాసే బెటడైన్ అయినా పనిచేస్తుంది. చల్లారిన గంజిలో ఒక్క చుక్క వేస్తే నేరేడుపండు నలిపినట్టు నీలినలుపు. మా ఇళ్ళలో గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పంచె మీద టింక్చర్ పడితే ఆ మచ్చ గోధుమరంగులో కాకుండా నల్లగా వచ్చేది. అమ్మ దాన్ని 'మందు మచ్చ' అనుకునేది. అది స్టార్చి పరీక్ష అని నాకు డిగ్రీ చదివేటప్పుడు తట్టింది.

సముద్రపు నాచు బూడిదలోంచి బెర్నార్డ్ కూర్త్వా 1811లో అయోడిన్‌ని బయటపెట్టాడు. మూడేళ్ళు తిరక్కుండానే, 1814లో, కోలిన్, గోల్టియే ద క్లోబ్రీ అనే ఫ్రెంచివాళ్ళు స్టార్చితో అది నీలమవుతుందని రాశారు. ఎందుకవుతుందో తెలియడానికి నూరేళ్ళు పైనే పట్టింది. స్టార్చిలో అమైలోజు అనే కొమ్మల్లేని గొలుసు మెట్లదారిలా సుళ్ళు తిరిగి ఉంటుంది, ఒక్కో చుట్టుకి ఆరు గ్లూకోజులు. ఆ సుడి మధ్యలోని బోలులోకి అయోడిన్ అణువులు వరసగా దూరి కూర్చుంటాయి. అలా వరసకట్టిన అయోడిన్ వెలుగులో ఎరుపు, పసుపు భాగాలని మింగేసి మనకి నీలం చూపిస్తుంది. గంజి వేడిగా ఉంటే సుడి సడలిపోతుంది, అయోడిన్ జారిపోతుంది, రంగు రాదు. నీలమైన ట్యూబుని దీపం మీద పెట్టి చూడండి, రంగు పూర్తిగా ఎగిరిపోతుంది. చల్లనీళ్ళలో ముంచండి, అడుగు నుంచి పైకి నీలం తిరిగి వస్తుంది. పిల్లలు దీన్ని పదిసార్లు చేస్తామంటారు. చెయ్యనివ్వాలి.

ఆ నీలం ఎంత చిక్కగా వస్తుందన్నది బియ్యం రకాన్ని బట్టి మారుతుంది. గొలుసుకి కొమ్మలు ఎక్కువున్న అమైలోపెక్టిన్ సరిగా సుళ్ళు తిరగదు కాబట్టి ఎర్రటి ఊదా దగ్గరే ఆగిపోతుంది. అమైలోజు నూటికి 25 దాటిన బియ్యం వండితే పలుకు పలుకుగా విడివిడిగా ఉంటుంది, ఆరితే గట్టిపడుతుంది. నూటికి రెండు లోపున్న జిగట బియ్యానికి అయోడిన్ వేస్తే నీలమే రాదు, ఎర్రగోధుమ రంగు వస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో జూలియానో 1971లో ఈ రంగు చిక్కదనాన్ని యంత్రంతో కొలిచే తేలిక పద్ధతి రాశాడు. కొత్త వరి వంగడాల్లో అన్నం ఎలా ఉంటుందో ముందుగా అంచనా వెయ్యడానికి ప్రపంచమంతా దాన్ని పట్టుకుంది. శ్రీకాకుళం పక్కన రాగోలు పరిశోధనా స్థానంలో పుట్టిన 'శ్రీకాకుళం సన్నాలు' లాంటి రకాన్ని ఎవరైనా అన్నం పలుకు బాగుందనో, ముద్దవుతోందనో అంటే, వాళ్ళ నాలుక చెబుతున్నది చాలావరకు ఆ ట్యూబులోని నీలం చిక్కదనమే.

ఇంట్లో అయోడిన్ సీసా ఉంటే కూర్చుని ఒక్కో వస్తువు మీదా చుక్క వేసి చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం. చలికాలంలో తంపటి వేసిన తేగ తీసుకోండి. తాటి టెంకలు పాతర వేస్తే మొలక భూమిలోకి దిగి, రేపు పుట్టబోయే చెట్టుకి తిండిని దాచుకుంటుంది. చుక్క పడగానే తేగ నల్లబడుతుంది. అదే తాటిచెట్టు వేసవిలో ఇచ్చిన ముంజ మీద చుక్క వెయ్యండి, గోధుమరంగు అలాగే ఉంటుంది. ముంజ మెత్తదనం స్టార్చిది కాదు, గాలక్టోమానన్ అనే వేరే గొలుసుది. ఉల్లిపాయ పొర కూడా నల్లబడదు. అది తిండిని స్టార్చిగా దాచుకోదు, బెనెడిక్ట్‌కి మాత్రం చక్కగా పలుకుతుంది. పచ్చి సువర్ణరేఖ మామిడి కాస్త ముదిరాక కోసి చూస్తే నల్లబడుతుంది, ముగ్గిన పండు నల్లబడదు. ముగ్గే రోజుల్లో కాయలోని స్టార్చి అంతా తీపిగా మారిపోతుంది. పచ్చి మామిడి మీద మొదటి చుక్కలు ఒక్కోసారి రంగు లేకుండానే మాయమవుతాయి. పొరపాటు మీది కాదు, కాయలోని విటమిన్ సి అయోడిన్‌ని మింగేస్తుంది. నీలమైన గంజిలో నిమ్మకాయ పిండినా అంతే, తెల్లబడిపోతుంది.

పొందూరు ఖద్దరు పోగు ఒకటి తీసుకోండి. వాలుగ చేప దవడతో ఏకి, చేతితో వడికిన కొండపత్తి. అది కూడా గ్లూకోజు గొలుసే, స్టార్చి ఎంతో అదీ అంతే. కానీ దానికి అయోడిన్ వేస్తే గోధుమ మరక తప్ప ఏమీ రాదు. సెల్యులోజులో గ్లూకోజులు ఒకదాని తర్వాత ఒకటి బోర్లా వెల్లకిలా కుదురుకుని గొలుసు కర్రలా నిటారుగా ఉంటుంది, అయోడిన్ దూరడానికి సుడే లేదు. మనకి ఆకలి తీర్చే అన్నానికీ, ఒంటిమీద కట్టుకునే గుడ్డకీ మధ్య తేడా ఆ ఒక్క ముడి తిరిగిన తీరులో ఉంది.

ఆ పోగుని గుర్తుపట్టే పరీక్ష వేరే ఉంది. ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త హాన్స్ మోలిష్ 1886లో రాసింది. ఆల్ఫా నాఫ్తాల్ కలిపి, ట్యూబు వాల్చి, అంచు వెంట గాఢ గంధకికామ్లం నెమ్మదిగా జారవిడిస్తే, రెండు పొరల మధ్య ఊదారంగు వలయం కడుతుంది. చక్కెరైనా, స్టార్చి అయినా, నూలుపోగైనా పలకాల్సిందే. నూలునీ పట్టునీ వేరు చెయ్యడానికి పనికొస్తుందని ఆయనే చెప్పాడు, పట్టు ప్రొటీను కాబట్టి. ఆ ఆమ్లం చర్మాన్ని మాడ్చేస్తుంది కాబట్టి ఈ ఒక్కటీ పిల్లల చేతికి ఇవ్వకుండా నేనే చేసి చూపించేవాణ్ణి. మోలిష్ డెబ్బై దాటిన వయసులో జగదీశ్ చంద్ర బోస్ పిలుపు మీద కలకత్తా వచ్చి, బోస్ సంస్థలో కొన్నాళ్ళు పనిచేసి వెళ్ళాడు.

స్టార్చి చక్కెరగా మారుతుంటే కళ్ళారా చూడాలంటే చోళ్ళు కావాలి. మిగతా ఆంధ్రాలో రాగులంటారు, మా వైపు చోళ్ళే. విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానం వీటి మీద ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తోంది. అక్కడ పుట్టిన రకాలకి చంపావతి, వేగావతి అని జిల్లా నదుల పేర్లు పెట్టారు.

చోళ్ళు ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి రెండు రోజులు ఉంచితే తెల్లటి మొలకలొస్తాయి. నీడలో ఆరబెట్టి, సన్నసెగ మీద కాస్త వేయించి విసిరిన పిండిని ఒక చెంచాడు పక్కన పెట్టుకోండి. ఇంకోపక్క మామూలు చోడిపిండితో చిక్కగా, గరిటె నిలబడేంత చిక్కగా జావ కాచి, చెయ్యి పెట్టగలిగే వేడికి చల్లార్చండి. అందులో ఆ మొలకల పిండి వేసి కలపండి. కాసేపట్లో గరిటె పక్కకి ఒరుగుతుంది. ఇంకాసేపటికి జావ పాలలా జారుతుంది. నీళ్ళు ఒక్క చుక్క కూడా కలపలేదు. మొలకలో పుట్టిన అమైలేజు అనే ఎంజైము స్టార్చి గొలుసుల్ని నరుకుతూ పోయింది. మధ్యమధ్యలో ఒక్కో చుక్క జావని తెల్లపళ్ళెంలో వేసి, చల్లారాక అయోడిన్ చూపిస్తే, మొదట నీలం, తర్వాత ఊదా, తర్వాత ఎర్రగోధుమ, గొలుసులు బాగా పొట్టివైపోతే అయోడిన్ రంగు తప్ప ఏమీ లేదు. అదే జావని బెనెడిక్ట్‌తో వేడిచేస్తే అటు ఎరుపు పెరుగుతూ వస్తుంది. ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి పెరగడం పక్కపక్క ట్యూబుల్లో చూసిన పిల్లవాడికి జీర్ణక్రియ పాఠం మళ్ళీ చెప్పక్కర్లేదు. అన్నం మెతుకులు కాసేపు నములుతూ మింగకుండా ఉంటే నోట్లో తియ్యబడటం కూడా ఇదే, ఉమ్మిలో ఉన్నదీ అమైలేజే.

మొలకల పిండి కలిపిన జావ పసిబిడ్డలకి గొప్ప వరం. చిక్కటి జావ బిడ్డ మింగలేదు. నీళ్ళు పోసి పల్చన చేస్తే చిన్న పొట్ట నీళ్ళతో నిండిపోతుంది, బలం చాలదు. మొలకల పిండి వేస్తే పిండి తగ్గకుండానే జావ జారుతుంది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023 మార్చి నుంచి పిల్లలకి రాగి జావ పోస్తున్నారు. ఆ గ్లాసు చూసినప్పుడల్లా ఈ ప్రయోగాన్ని అదే బడిలో చేయిస్తే ఎంత బావుండునో అనిపిస్తుంది.

ఇప్పటిదాకా అయోడిన్‌తో స్టార్చిని వెతికాం. శ్రీకాకుళం జిల్లాలో నౌపాడ దగ్గర ఉప్పు మళ్ళున్నాయి, అక్కడ ఇదే పరీక్షని తిరగేసి వాడాలి. మన దేశంలో ఉప్పుకి అయోడిన్ కలపడం గొంతువాపు వ్యాధిని ఆపడానికి మొదలైంది. 1962లో గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. ఇంటికి చేరేసరికి ఉప్పులో పది లక్షల పాళ్ళకి కనీసం 15 పాళ్ళు అయోడిన్ ఉండాలన్నది నియమం. అది ఉప్పులో అయోడేటు రూపంలో ఉంటుంది, నేరుగా స్టార్చితో నీలమవదు. అందుకే పరీక్ష కిట్‌లోని చుక్కలమందులో స్టార్చితోపాటు పొటాషియం అయోడైడు, ఆమ్లం ఉంటాయి. ఉప్పు మీద చుక్క పడగానే అయోడేటు, అయోడైడు కలిసి అయోడిన్ విడుదల చేస్తాయి, స్టార్చి నీలమవుతుంది. ఇంట్లో చూసుకోవాలంటే కోసిన బంగాళాదుంప మీద ఉప్పు చల్లి, ఒక నిమిషం ఆగి, రెండు చుక్కలు నిమ్మరసం పిండమని మన ఆహార భద్రతా సంస్థ చెబుతుంది. ఉప్పులో అయోడిన్ ఉంటే దుంప నీలమవుతుంది. ఇందాక రంగు పోగొట్టిన నిమ్మరసమే ఇక్కడ రంగు తెప్పిస్తుంది. విటమిన్ సి కొంత అయోడేటుని అయోడైడుగా మార్చి, మిగిలిన అయోడేటుకి జతనిస్తుంది.

మళ్ళీ బెనెడిక్ట్ దగ్గరికి వద్దాం. మా తాతయ్యకి చక్కెర వ్యాధి. నా చిన్నప్పుడు పెరటి అరుగు మీద స్పిరిట్ దీపం, చెక్క పట్టుకారు, మసి పట్టిన ఒక టెస్ట్‌ట్యూబు, నీలం సీసా ఉండేవి. పొద్దున్నే అయిదు మిల్లీలీటర్ల నీలంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి, ట్యూబు మూతి గోడవైపు తిప్పి మరిగించేవాడు. మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నీలంగా ఉంటే ఆ రోజు మామిడిపండు ముక్క, ఆకుపచ్చ దాటితే గంటె అంబలి. ఒక వేసవిలో ట్యూబు రోజూ నీలమే చూపించింది. ఆయన ధీమాగా ఉన్నాడు. ఒకరోజు కళ్ళు తిరిగి పడిపోతే రక్తం పరీక్ష చేయించారు, చక్కెర మరీ తగ్గిపోయి ఉంది. అదే ట్యూబు మర్నాడు కూడా నీలమే.

రక్తంలో చక్కెర డెసిలీటరుకి సుమారు 180 మిల్లీగ్రాములు దాటితేనే మూత్రపిండాలు దాన్ని మూత్రంలోకి వదులుతాయి. కాబట్టి 50 ఉన్నా నీలమే, 90 ఉన్నా నీలమే, 170 ఉన్నా నీలమే. పైగా రాత్రంతా మూత్రాశయంలో నిలిచిన మూత్రం ఆ నిమిషం సంగతి చెప్పదు. ట్యూబు అబద్ధం ఆడలేదు. అది చెప్పగలిగినదానికన్నా ఎక్కువ మేం దాని నోట పలికించుకున్నాం.

ఎర్రబడితే మాత్రం అది గ్లూకోజే అని ఏముంది? పాలిచ్చే తల్లి మూత్రంలో పాల చక్కెర కనబడవచ్చు, విటమిన్ సి బిళ్ళలు ఎక్కువ మింగినవాళ్ళ మూత్రమూ రాగిని మార్చగలదు. ఈ చిక్కు విడిపోయింది 1956లో. గ్లూకోజుని తప్ప ఇంకో చక్కెరని దాదాపు పట్టించుకోని గ్లూకోజ్ ఆక్సిడేజు అనే ఎంజైముని కాగితపు పట్టీకి అంటించి అమెరికాలో అమ్మకానికి పెట్టారు. హెలెన్ ఫ్రీ, ఆల్ఫ్రెడ్ ఫ్రీ దంపతుల పని అది. ఇవాళ వేలి కొసన గుచ్చి చూసుకునే చాలా గ్లూకోమీటర్లలోనూ ప్రశ్న అడిగేది గ్లూకోజ్ ఆక్సిడేజు, లేదా దాన్ని పోలిన ఎంజైములే.

ఈ పరీక్షలేవీ లేని రోజుల్లో ఏం చేశారంటే, మన దగ్గర చీమలు చెప్పాయి. మూత్రానికి చీమలు పడుతున్నాయని గమనించి ఆ రోగానికి మధుమేహమని పేరు పెట్టిన పాత వైద్యుల చూపు నిశితమైనది. ఇంగ్లండులో థామస్ విల్లిస్ 1674లో అది తేనెలా తియ్యగా ఉందని రాశాడు, మాథ్యూ డాబ్సన్ 1776లో మూత్రాన్ని ఇగిర్చి అడుగున మిగిలిన చక్కెరని కళ్ళకి చూపించాడు.

రక్తంలో చక్కెరని కొలవడం మరీ కష్టం, పిల్లలకి గుచ్చి బోలెడు రక్తం తియ్యలేం. కొద్ది రక్తంతోనే పని జరిగేలా ఫోలిన్, వూ అనే ఇద్దరు 1920 ప్రాంతంలో హార్వర్డులో ఒక పద్ధతి తెచ్చారు. చక్కెర రాగిని మారుస్తుంది, మారిన రాగి మాలిబ్డినం సమ్మేళనాన్ని నీలంగా చేస్తుంది, ఆ నీలాన్ని కొలుస్తారు. ఆ ఫోలిన్ విభాగంలోకే కొన్నాళ్ళకి మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు చేరాడు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాశాడు, అదీ మాలిబ్డినం నీలమే. ఆ నీలంతో కండరంలో వెతుకుతూ ఇద్దరూ ఫాస్ఫోక్రియాటిన్‌ని పట్టుకున్నారు. కండరంలోని గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే కండర బలానికి నేరు మూలమని అప్పటిదాకా నమ్మేవారు. ఆ లెక్క మారిపోయింది. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరు ఇవాళ్టికీ బయోకెమిస్ట్రీ రికార్డు పుస్తకాల్లో ఉంటుంది. చాలామంది తెలుగు పిల్లలు ఆ సుబ్బారావు ఎవరో తెలియకుండానే దాన్ని రాసేస్తారు. నాకు ఇది బాధగానే ఉంటుంది.

చక్కెర పరీక్షల సంగతి వచ్చింది కాబట్టి శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం గురించి ఒక్క మాట. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్ళు చితికిపోయాయో ఈ ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. కిడ్నీలు పాడవడానికి మామూలుగా మొదట అనుమానించేది మధుమేహాన్ని. అక్కడ చాలామందిలో చక్కెర పరీక్ష ఏమీ చూపించదు. మిగతా చోట్ల 'చక్కెర లేదు' అనే మాట వినగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అక్కడ అదే మాట ఇంకో ప్రశ్నని తెరుస్తుంది, ఇది కాకపోతే మరేమిటి? నీళ్ళా, ఎండలో పనా, పురుగుమందులా అని పరిశోధకులు వెతుకుతూనే ఉన్నారు, కారణం ఇంకా ఖాయంగా తేలలేదు. రంగు మారని ట్యూబు కూడా ఒక జవాబే అని నాకు ల్యాబు కన్నా ఉద్దానమే గట్టిగా నేర్పింది.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. తర్వాతి క్లాసులో రెండు ట్యూబుల పంచదార నీళ్ళు ఆమె చేతికే ఇచ్చాను. ఒకదాన్ని అలాగే ఉంచమన్నాను. రెండోదాంట్లో సజల హైడ్రోక్లోరికామ్లం కొన్ని చుక్కలు వేసి, మరిగే నీళ్ళలో అయిదు నిమిషాలు పెట్టమన్నాను. పంచదారలో గ్లూకోజు, ఫ్రక్టోజు రెండూ సరిగ్గా తెరుచుకునే చోటే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. రెండు చేతులూ ముడిపడిపోయాయి, ఇక రాగికి చెయ్యి అందించేదెవరు? ఆమ్లం చేసేది ఆ ముడి విప్పడమే. చెరకు గడ బారులో నిలబడి తనంతట తానే చేసుకున్న పని అదే.

మరిగించాక ఆమె బెనెడిక్ట్ సీసా అందుకోబోయింది. ఆగమన్నాను. ఆమ్లం మిగిలి ఉంటే అది క్షారాన్ని తినేస్తుంది, పరీక్ష చెడుతుంది. వంటసోడా చిటికెడు చిటికెడుగా వెయ్యమన్నాను. బుస్సున పొంగింది, ఇంకో చిటికెడుకి మళ్ళీ పొంగింది, మూడోసారి పొంగలేదు. అప్పుడు బెనెడిక్ట్ పోసి రెండు ట్యూబులనీ బీకరులో నిలబెట్టింది.

ఎవరూ మాట్లాడలేదు. ఎడమవైపు ట్యూబు నీలం. కుడివైపు ట్యూబులో అడుగున మసకబారింది, ఆకుపచ్చ లేచింది, పసుపు అయింది, కాసేపటికి ఇటుక పొడి దిగడం మొదలైంది. ఆమె కిందటి వారం బెల్లం ట్యూబు ర్యాక్ లోంచి తీసి, దీని పక్కన పట్టుకుని కిటికీ వెలుగులో చూసింది. రెండు ఎరుపులూ ఒకటే. రికార్డు తెరిచి, కిందటి వారం 'మార్పు లేదు' అని రాసుకున్న గడి కింద ఇంకో గడి గీసుకుంది.